వంత అందుకునే నలుగురు: మీ వాడలో పాట కట్టుకోవడం ఎలా

మా సందులో ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకు పాటలు కడతాం. పాడతాం అనలేదు, కడతాం అన్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయినదాన్ని. సంగీతం నేర్చుకోలేదు. హార్మోనియంలో ఏ మెట్టు ఏ స్వరమో ఇప్పటికీ తెలియదు. అయినా 2020 నుంచి ఈ పని నడుస్తూనే ఉంది. పక్క వాడవాళ్ళు, వేములవాడలో ఉండే మా వియ్యపురాలు, ఆమె ద్వారా విన్న ఇంకెవరో, "మేమూ మొదలుపెడతాం, ఎలాగో చెప్పు" అని అడుగుతున్నారు. అందరికీ ఫోనులో చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఇది ఎలా పుట్టిందో చెప్పాలి. లేకపోతే తరువాత చెప్పే పద్ధతులు చాదస్తంలా కనిపిస్తాయి.

మాది సిరిసిల్ల. సాంచల ఊరు. సాంచ అంటే మరమగ్గం. పగలూ రాత్రీ టకటకమని ఆ చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి మొదటి నెల నిద్ర పట్టదు, ఆ తరువాత పుట్టింటికి వెళితే అక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ వానాకాలంలోనే మా ఆయన పోయారు. గుండె ఆగింది. ఇరవై ఏడేళ్ళు సాంచల మీద నిలబడిన మనిషి. దినాలయ్యేదాకా ఇంటి నిండా మనుషులే. ఆ తరువాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు, అందులో తప్పేమీ లేదు.

ఒక రాత్రి పెరట్లో బియ్యం ఏరుతూ నాలో నేనే ఏదో గొణుక్కుంటున్నాను. బతుకమ్మ బాణీలో, "చెప్పుల జత ఒకటి ఉయ్యాలో" అని. ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి, తీయడానికి చేతులు రావడం లేదు. ఉన్నట్టుండి గోడ అవతలి నుంచి పక్కింటి వదిన "ఉయ్యాలో" అని అందుకుంది. నేను ఏమన్నానో ఆమెకు సరిగా వినపడి ఉండదు. నేను ఇంకో మాట అన్నాను, ఆమె మళ్ళీ అందుకుంది. ఎంతసేపు అలా నడిచిందో గుర్తు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. మరునాడు ఆమె దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు. చింతపండు అడిగి పట్టుకుపోయింది.

ఆదివారాల్లో మేము చేసేదంతా ఆ గోడ అవతలి "ఉయ్యాలో"ను కావాలని చేయడమే.

చోటు, వేళ, చాప

పదిమంది పట్టే చోటు చాలు. ఎనిమిది మంది కన్నా తక్కువైతే వంత, అంటే పాడే మనిషి వెనక మిగతావాళ్ళు అందుకునే మాట, పలచబడుతుంది, పద్నాలుగు దాటితే మాట్లాడని వాళ్ళు వెనక్కి జరిగి అక్కడే ఉండిపోతారు. అందరూ నడిచి రాగలిగినంత దగ్గరగా ఉండాలి. బండి మీద దింపమని మగవాళ్ళను అడగాల్సి వస్తే సగం మంది ఆడవాళ్ళు రెండో వారం నుంచి రారు.

మొదట మేము సంఘం భవనంలో కూర్చున్నాం. అక్కడ వేదిక ఉంది. వేదిక ఉంటే ఎవరో ఒకరు ఎక్కుతారు, ఎక్కినవాళ్ళు దిగరు. మూడు వారాలయ్యాక భవనం వదిలేసి సందులోకి వచ్చాం. గుండ్రంగా చాపలు, మధ్యలో ఒక లైటు. మైకు వద్దు. మైకు ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్ళంతా జనం అయిపోతారు.

వేళ సంగతి మీ ఊరి పనిని బట్టి చూసుకోండి. మా దగ్గర ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. సాయంత్రం కంపెనీలో బీడీలు అప్పగించి, వంట ముగించేసరికి ఏడు దాటుతుంది. మొదటి వారాల్లో కొందరు చాటలు పట్టుకుని వచ్చారు. ఊరికే కూర్చుంటే పాపం చేసినట్టు ఉంటుందట. నేను వద్దనలేదు. చేతులు పనిలో ఉంటే నోరు తొందరగా విచ్చుకుంటుందని అంగన్‌వాడీలో పిల్లలకు శనక్కాయలు ఒలవమని ఇచ్చినప్పుడే తెలుసుకున్నాను. అయితే తంబాకు పొడికి దగ్గు వచ్చి పాట ఆగిపోతోంది. అందుకని తునికాకు కత్తిరించుకోవడం వరకే అని నియమం పెట్టాం. తంబాకు ఇంట్లోనే.

ఫోనుల సంగతి గట్టిగా చెబుతున్నాను. రికార్డు చేయవద్దు. రెండో ఏడాది ఒక అమ్మాయి తన అత్తింటి సంగతి పాటగా కట్టింది. ఎవరో సరదాకి ఫోనులో పట్టి వాట్సాప్‌లో పెట్టారు. రాత్రి తొమ్మిదికి పాడితే తెల్లవారేసరికి అత్తింట్లో గొడవ. రెండు నెలలు ఆ అమ్మాయి మా సందులోకి రాలేదు. ఎదురుపడినా తల తిప్పుకునేది. అది నా తప్పే, ముందే చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి ఫోనులన్నీ ఒక వెదురు బుట్టలో వేసి మా గుమ్మంలో పెడతాం. ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు.

వంతను ముందు ఎంచుకోండి

కొత్తవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. పాట కట్టాలనగానే మొదటి చరణం కోసం ఆకాశం వైపు చూస్తారు. చరణం వద్దు, ముందు వంత కావాలి. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు మాట చెబితే మిగతావాళ్ళు "ఉయ్యాలో" అనో "చందమామ" అనో అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరు "తందాన తాన" అంటారు. పాడే మనిషికి వంతతో రెండు వెసులుబాట్లు ఉన్నాయి. అది నడిచే ఆ కాస్త సేపట్లో తరువాతి మాట వెతుక్కోవచ్చు. గొంతు పూడుకుపోతే సర్దుకోవచ్చు. ఒంటరిగా మాట్లాడే మనిషికి ఆ సందు దొరకదు. మధ్యలో ఆగితే అందరూ మొహంలోకి చూస్తారు.

బుర్రకథ నుంచి మేము ఇంకొకటి కూడా తెచ్చుకున్నాం. అందులో వంత పాడే ఆ ఇద్దరు ఊరికే తందాన అనరు. ఒకరు హాస్యం పలుకుతారు, ఇంకొకరు మధ్యమధ్య ప్రశ్నలు వేసి కథను లోకం వైపు తిప్పుతారు. మా చాప మీద కూడా ఒకరికి ఆ పని అప్పజెబుతాం. పాడేవాళ్ళు తడబడితే "అప్పుడేమైంది?" అని తాళంలోనే అడగాలి. మా పక్కింటి వదిన ఇందులో ఆరితేరింది. పోలీసులు కూడా అలా రాబట్టలేరు.

"ఉయ్యాలో" పండగ నాటి మాట కదా, చావు సంగతికి అదేమిటి అని ఒక పెద్దామె మొదట్లో కసిరింది. నాకు జవాబు తోచలేదు. అందరికన్నా పెద్దదైన అత్తమ్మ ఒకామె, "నాట్లు వేస్తూ మడిలో పాడుకున్నాం, అప్పుడు ఏ పండగ?" అంది. దానితో గొడవ సద్దుమణిగింది. నాకు మాత్రం ఇంకో సంగతి అప్పుడే తట్టింది. చావు జరిగిన ఇంట ఏడాది పాటు పండగ చేయరు. వాడంతా తంగేడు, గునుగు పేర్చి ఆడుతుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు తలుపు వేసుకుని లోపల ఉంటారు. అంటే పాట అందరికన్నా అవసరమైన ఏడాదిలోనే వాళ్ళకు పాట లేదు. మా చాప మీద పువ్వులుండవు, పసుపు కుంకుమలుండవు, కనుక ఎవరికీ అడ్డు లేదు. మీరు మొదలుపెట్టినా ఇది పండగ కాదని ముందే అందరికీ చెప్పండి. పూజతో ప్రారంభిద్దామనేవాళ్ళు తప్పకుండా వస్తారు. వాళ్ళకు టీ పని అప్పజెప్పండి.

బాధ అడగవద్దు, వస్తువు అడగండి

మొదటి పది నిమిషాలు అందరికీ వచ్చిన పాట ఏదైనా పాడండి. భజన అయినా ఫరవాలేదు, సినిమా పాట అయినా ఫరవాలేదు. ఊపిరి కుదుటపడడానికి అది. మా మనవరాలు నర్సింగ్ చదువుతోంది. స్వీడన్‌లో గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో కలిసి పాడేవాళ్ళ గుండె వేగాన్ని కొలిచిన సంగతి చదివి వినిపించింది. పాటలో అందరూ ఒకే చోట ఊపిరి తీసుకుంటారు కనుక అందరి గుండె వేగమూ కలిసి పెరిగి కలిసి తగ్గిందట. పాడేటప్పుడు ఊపిరి తీసుకోవడం క్షణం, వదలడం చాలాసేపు. ఆ నిదానంగా వదలడమే గుండెను నెమ్మదింపజేస్తుందని చెప్పింది. దంపుడు పాటల కాలంలో మా అమ్మమ్మలకు ఇది చెప్పినవాళ్ళు లేరు, రోకలి చెప్పింది.

ఆ తరువాత అసలు పని. "నీ బాధ చెప్పుకో" అని ఎవరినీ అడగవద్దు. అలా అడిగితే రెండే జరుగుతాయి. "ఏముంది, అంతా బాగానే ఉంది" అంటారు, లేదా "నా కర్మ" అంటారు. ఆ రెండింటితోనూ పాట కట్టలేం. వస్తువు అడగండి, వాసన అడగండి, చప్పుడు అడగండి. "ఇంట్లో ఇప్పటికీ తీయకుండా ఉంచిన వస్తువు ఏది?" "రాత్రి మెలకువ వస్తే మొదట ఏ చప్పుడు వినపడుతుంది?" "ఆ రోజు పొయ్యి మీద ఏముంది?" నేను వాడే ప్రశ్నలు ఈ మూడే.

ఒకామె భర్త సాంచల కార్ఖానాలో పని చేసేవాడు, జబ్బు చేసి పోయాడు. వచ్చిన మొదటి నాలుగు ఆదివారాలు ఆమె వంత తప్ప ఏమీ పలకలేదు. అయిదో వారం వస్తువు సంగతి అడిగితే, "టిఫిన్ డబ్బా గోడకు అలాగే ఉంది" అంది. ఇంతే అంది. మా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి పాత క్యాలెండర్ కాగితం వెనక ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. ఇది ముఖ్యం. ఒకరు పెన్ను పట్టుకుని ఉండాలి, విన్న మాటను విన్నట్టే రాయాలి. అరగంటలో ఆ కాగితం మీద ఇది తయారైంది:

గోడకున్న డబ్బ ఉయ్యాలో
గోడకే ఉన్నది ఉయ్యాలో
కడిగి పెట్టినాను ఉయ్యాలో
కారమే వాసన ఉయ్యాలో
ఎవరికీ ఇవ్వను ఉయ్యాలో
ఏటిలో వేయను ఉయ్యాలో

ఇందులో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. నాలుగో పాదం దగ్గర నాలోని టీచరమ్మ లేచింది. "కారమే వాసన ఏమిటమ్మా, కన్నీటి వాసన అందాం, బాగుంటుంది" అన్నాను. ఆమె నా వైపు చూసి, "కన్నీరు కాదు టీచరమ్మా. ఆయన పచ్చిమిర్చి తొక్కు లేకపోతే ముద్ద ముట్టడు. డబ్బాలో ఇప్పటికీ అదే వాసన" అంది. ఆ వారం తలెత్తుకోలేకపోయాను. పాట ఎవరిదో మాట వాళ్ళది. తాళం లెక్క కుదరకపోతే మాటలను ముందూ వెనకా జరపండి, సాగదీయండి, కుదించండి. మాట మాత్రం మార్చవద్దు. మా ఊళ్ళోనూ చదువుకున్నవాళ్ళకే ఈ జబ్బు ఎక్కువ. కన్నీరు, గుండె కోత, విధి, శూన్యం, ఈ నాలుగు మాటలు వచ్చాయంటే ఎవరో అసలు సంగతి దాచేస్తున్నారని అనుమానించండి.

వస్తువులూ మనుషులే కాదు, ఊళ్ళు కూడా పోతాయి. మిడ్ మానేరు జలాశయంలో మునిగిన ఊళ్ళలో ఒకదాని నుంచి కాలనీకి వచ్చిన పెద్దాయన ఒకరు మా దగ్గరకు వచ్చేవారు. ఆయనకు పాట రాదు. "ఊళ్ళో బస్సు దిగితే మొదట ఏముండేది?" అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టారు. బస్సు ఆగేచోటు నుంచి చావడి దాకా ఇళ్ళ వరస అంతా, ఒక్కో ఇంటికీ మేము "తందాన" అందుకుంటూ. అందులో కవిత్వం ఏమీ లేదు, జాబితా. నడుమ ఆయన మరదలు ఆపింది. "కమ్మరి కొలిమి ముందు, రావిచెట్టు తరువాత" అంది. కాదన్నారాయన. పది నిమిషాలు పోట్లాడుకున్నారు. మా ఇంటి గోడ మీద సుద్దముక్కతో గీసి చూపించుకున్నారు. ఆయనను అంత హుషారుగా నేను మళ్ళీ చూడలేదు. ఆ పాట ఇప్పటికీ రెండు రకాలుగా ఉంది, ఆయన వరస ఒకటి, మరదలి వరస ఒకటి.

లెక్క

తాళం గురించి భయపడవద్దు. పై పాటనే తీసుకోండి. "తకిట" అని మూడు దెబ్బలు అనుకుంటే, "గోడ – కున్న – డబ్బ" మూడు తకిటలు, "ఉయ్యాలో" రెండు తకిటలు. పాదానికి అయిదు చప్పట్లు. "గోడకే ఉన్నది" దగ్గర మాట చప్పట్ల మధ్య కాస్త ఒరుగుతుంది, దాన్ని సాగదీసి కూర్చోబెట్టాలి. ఆ ఒరగడమే బాగుంటుంది కూడా. పక్కపక్క పాదాల మొదటి అక్షరాలు చూడండి: గోడ, గోడ, కడిగి, కారం, ఎవరికీ, ఏటిలో. ఎవరూ కావాలని పెట్టలేదు. తెలుగు నాలుకకు అది అలవాటు. మొదటి అక్షరాలు కలిస్తే పాట గుర్తుంటుంది, కనుక రెండు మాటల్లో ఏది వాడాలో తేలనప్పుడు కలిసేదాన్ని తీసుకోండి.

మగవాళ్ళకు నాలుగు దెబ్బల నడక తొందరగా పట్టుబడుతుంది. సాంచ నడకకు అలవాటుపడ్డ చెవులు. ఆర్డర్లు లేక పని ఆగిన రోజుల్లో వాళ్ళు కట్టిన పల్లవి ఇది:

ఆగిన సాంచ అడుగుతున్నది
అన్నా ఎప్పుడు వస్తావని

తకధిమి తకధిమి అని వేసి చూడండి, చివర రెండు దెబ్బలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీలో నేల మీద కాలితో రెండు దెబ్బలు వేస్తారు. ఇంట్లో భార్యతో "పని లేదు, భయంగా ఉంది" అనలేని మనుషులు అక్కడ సాంచ చేత అనిపించారు. మగవాళ్ళతో పాట కట్టేటప్పుడు ఈ దారి గుర్తుంచుకోండి. తమ మాటగా చెప్పమంటే చెప్పరు. సైకిలు చెబుతుంది, సాంచ చెబుతుంది, టీ కొట్టు బల్ల చెబుతుంది.

డప్పు ఎక్కడ కూర్చోవాలి

వాద్యాలకు ఖర్చు పెట్టవద్దు. ఒక జత తాళాలు, ఒక కంజీర ఉంటే గడుస్తుంది. డోలక్ ఉంటే సంతోషం, కానీ వాయించే కుర్రవాడికి ముందే చెప్పండి, పాడే గొంతు వినపడాలని. కుర్రవాళ్ళకు డోలక్ దొరికితే పెళ్ళి ఊరేగింపే గుర్తొస్తుంది.

మా దగ్గర డప్పు ఉంది, దానికి కారణం ఉంది. ఏళ్ళ తరబడి సాంచల మధ్య పని చేసినవాళ్ళలో చాలామందికి వినికిడి తగ్గుతుంది. పలుచని గొంతులు వాళ్ళకు చేరవు. డప్పు దెబ్బ మాత్రం చెవికి అందకపోయినా నేలలోంచి, ఛాతీలోంచి అందుతుంది. అందుకని వినపడనివాళ్ళను డప్పు పక్కనే కూర్చోబెడతాం.

డప్పు వచ్చిన రోజు చిన్న అలజడి జరిగింది. మా వైపు డప్పు అనగానే చావు గుర్తొస్తుంది, దానితోపాటు కులమూ గుర్తొస్తుంది. వాయించే అన్న వచ్చి, అలవాటుగా సందు మొదట్లో నిలబడి డప్పు కాచుకుంటున్నాడు. చాప మీదికి రమ్మంటే ఇద్దరు ముగ్గురు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పోనిమ్మన్నాం. ఊరందరి దుఃఖానికీ దెబ్బ వేసిన మనిషి తన దుఃఖం చెప్పుకోవడానికి చాప అంచున కూడా చోటు లేకపోతే ఆ చాప ఎందుకు? ఆయన తన తల్లి మీద కట్టిన పాట మా దగ్గర పుట్టిన వాటన్నిటిలో గట్టిది. అది ఇక్కడ రాయను, రాయవద్దన్నాడు. సిర్ర, చిటికెన పుల్ల పట్టుకోవడం ఇప్పుడు మా వాడ పిల్లలు నలుగురికి నేర్పుతున్నాడు. డప్పు కాచడానికి మంట వేయాలి కనుక పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకోండి. మేము ఒకసారి చాప కాల్చుకున్నాం.

ఏడుపు వచ్చినప్పుడు

వస్తుంది. కంగారుపడవద్దు. "ఏడవకు" అనే మాట మా చాప మీద నిషేధం. నీళ్ళ గ్లాసు కూడా వెంటనే ఇవ్వవద్దు. గ్లాసు ఇచ్చామంటే ఇక ఆపమని చెప్పినట్టే. వంతను ఆపకుండా, గొంతు తగ్గించి, మెల్లగా నడిపిస్తూ ఉండండి. పక్కన కూర్చున్నవాళ్ళు వీపు మీద చెయ్యి వేస్తే చాలు. ఆ మనిషి తేరుకుని మాట అందుకుంటే సరే, అందుకోకపోతే వదిన వంటివారు తరువాతి పాదం ఎత్తుకుంటారు. ఆ రోజుకు పాట అక్కడితో ఆగినా మంచిదే.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన పెద్దవాళ్ళు శవం దగ్గర రాగం తీసి శోకం పెట్టేవారు. పోయిన మనిషిని పిలుస్తూ, చేసిన మేళ్ళు, తిట్టిన తిట్లు, తినకుండా పోయిన కూర, అన్నీ అందులో వచ్చేవి. ఒకామె ఎత్తుకుంటే పక్కామె తన పాత చావును తలుచుకుని అందుకునేది. అప్పటికప్పుడు కట్టే పాట అది. ఇప్పుడు అద్దెకు తెచ్చిన స్పీకరులో ఏవో పాటలు పెడుతున్నారు. ఆ హోరులో ఏడిచే మనిషి గొంతు ఆమెకే వినపడదు.

ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అవును, కాదు కూడా పలకలేరు. కొడుకు చక్రాల కుర్చీలో తెచ్చి పక్కన పెట్టి వెళ్ళేవాడు. మూడో వారం భజన ఎత్తుకుంటే, ఒకప్పుడు వేములవాడ గుళ్ళో భజనలు చేసిన ఆ గొంతు, "శివ శివ" అని మాటతో సహా కలిసింది. కొడుకు గోడ పట్టుకుని నిలబడిపోయాడు. మనవరాలిని అడిగితే మాటకు మెదడు ఎడమ వైపు ఎక్కువ పని చేస్తుందని, పాటకు రెండు వైపులా తోడ్పడతాయని, 1973లోనే అమెరికాలో వైద్యులు రాగం మీదుగా మాట తిరిగి నేర్పే పద్ధతి ఒకటి రాశారని చెప్పింది. అయితే మేము వైద్యులం కాదు. ఆయనకు మాట తిరిగి రాలేదు. ఆదివారం మాత్రం పాడేవారు. ఇలాంటివాళ్ళు మీ దగ్గరకు వస్తే వాళ్ళు పాతికేళ్ళ వయసులో ఏ పాటలు పాడారో ఇంట్లోవాళ్ళను అడగండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

నలుగురి ముందుకు తేవడం

కట్టిన పాటలన్నీ బయటికి రానక్కరలేదు. మా దగ్గర పది పుడితే ఒకటో రెండో సందు దాటతాయి. దాటాలంటే పాట ఎవరిదో వాళ్ళే అడగాలి, మనం అడగకూడదు. అడిగినా ఒక నెల ఆగమంటాం. నెల తరువాత కూడా పాడాలనిపిస్తే పాడదాం.

పాడేటప్పుడు ఆ మనిషిని ఒంటరిగా నిలబెట్టవద్దు. కట్టిన రోజు చాప మీద ఉన్నవాళ్ళంతా చుట్టూ ఉండాలి, వాళ్ళే వంత. డబ్బా పాట మొదటిసారి బయట పాడింది ఇంకొకరి ఇంట్లో, దినం తరువాతి వారం, పన్నెండు మంది ఆడవాళ్ళ ముందు. మూడో పాదం దగ్గర ఆమె గొంతు ఆగింది. వంత ఆగలేదు. ఆ ఇంటావిడ, కొత్తగా భర్తను పోగొట్టుకున్నది, "మా ఆయన గొడుగు ఉంది" అంది. అలా రెండో పాట అక్కడే మొదలైంది. ఫోనులోని పాట ఎంత బాగున్నా, మధ్యలో ఎవరైనా "మా గొడుగు" అంటే దానికి వినపడదు.

మీ పని కాస్త పేరు తెచ్చుకోగానే ఒక నాయకుడు వస్తాడు. మా దగ్గరకు వచ్చినాయన మైకులు, కుర్చీలు, తన బొమ్మతో ఫ్లెక్సీ ఇస్తానన్నారు. "అన్నా, చాప మీద కూర్చుని నీ ఇంట్లో తీయని వస్తువు ఏదో చెప్పు, వంత మేము అందుకుంటాం" అన్నాం. పని ఉందని వెళ్ళిపోయారు.

పాటకు చేతకానివి

పాట అప్పు తీర్చదు. ఆర్డరు తేదు. తాగుడు మాన్పించదు. ఇది ముందే ఒప్పుకుంటే మంచిది, లేకపోతే రెండు నెలలకు మీమీదే కోపం వస్తుంది. మేము పాట అయ్యాక టీ తాగుతూ పావుగంట ఊరికే కూర్చుంటాం. రేషన్ కార్డు, పింఛను కాగితాలు, ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి, ఇవన్నీ అప్పుడు మాట్లాడుకుంటాం. ఒక్కోసారి పాట కన్నా ఆ పావుగంటే ఎక్కువ పని చేస్తుంది.

ఎవరి పాటలోనైనా "నేనూ వచ్చేస్తాను", "ఇక చాలు" అన్న మాట వస్తే దాన్ని పాటలో మాటే కదా అని వదిలేయవద్దు. మా ఊరు ఆ బాధ చాలా చూసింది. పాట ముగిశాక ఆ మనిషిని పక్కకు పిలిచి సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. మరునాడు తోడు వెళ్ళి డాక్టరుకు చూపించండి. ఈ నంబరు మా ఫోనుల బుట్ట మీద సున్నంతో రాసి పెట్టాం. చనిపోయిన తీరును వర్ణించే చరణాలు మాత్రం మేము కట్టం. బతికిన తీరు గురించి ఎంతైనా కట్టుకోవచ్చు.

ముగించేటప్పుడు

బరువైన పాట మీద మనుషులను ఇళ్ళకు పంపవద్దు. చివరి పాట నవ్వుల పాట కావాలి, పిల్లలు ఎత్తుకోవాలి. మా పిల్లలు ఈ మధ్య దోమల మీద కట్టారు:

మా సందు దోమకు ఉయ్యాలో
మంచి తాళం తెలుసు ఉయ్యాలో
మామ వీపు మీద ఉయ్యాలో
మద్దెలే కొట్టింది ఉయ్యాలో

ఇందులో లెక్క తప్పింది, రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ ఒక్కో దెబ్బ ఎక్కువ. సరిచేద్దామని నోరు తెరిచి, డబ్బా సంగతి గుర్తొచ్చి మూసుకున్నాను.

తరువాత గ్లాసులు కడగాలి, ఫోనులు ఎవరివి వాళ్ళకు ఇవ్వాలి, చాపలు దులిపి చుట్టాలి. వచ్చే వారం టీపొడి ఎవరిదో అడిగి గోడ మీద రాయండి, లేకపోతే అందరూ చక్కెర తెస్తారు.